ఫ్యాను ఒప్పందం

మా కొట్టు ఒకటే గది. వాకిలి ఒకటి, కిటికీ ఒకటి, ఫ్యాను ఒకటి, దాని స్విచ్చు ఒకటి. మనుషులం మాత్రం ముగ్గురం. గోడవైపు కుట్టు మిషను మా ఆయనది. దాని పక్కన ఇస్త్రీ బల్ల. ఆ బల్ల చివర స్టూలు వేసుకుని కాజాలు తీసేది, గుండీలు కుట్టేది నేను. కిటికీ దగ్గర, వెలుతురు సూటిగా పడేచోట, వాచీలు బాగుచేసే అన్నయ్య బల్ల ఉంది. ఆయన నాకు తోడబుట్టినవాడు కాదు. ఆయన దేవుడు వేరు, మా దేవుడు వేరు. కానీ గదిలో చేరిన మొదటి వారంలోనే నేను నోరారా అన్నయ్యా అన్నాను, ఆయన చెల్లెమ్మా అన్నాడు, దాంతో మా ఆయన ఆయనకి బావ అయిపోయాడు. బావ అయ్యాక తిట్టుకోవడానికి వేరే అర్హత అక్కర్లేదు. పంతొమ్మిదేళ్ళు ఏ లోటూ లేకుండా తిట్టుకున్నారు.

తిట్లన్నీ ఫ్యాను మీదే. ఇస్త్రీ పెట్టె పక్కన నిలబడేవాడికి ఫ్యాను లేకపోతే ప్రాణం పోయినంత పని. వాచీ విప్పినవాడికి ఫ్యాను తిరిగితే ప్రాణం పోయినంత పని. వాచీ కడుపులో ఆవగింజలో సగం కూడా లేని స్క్రూలుంటాయి, వెంట్రుకంత స్ప్రింగు ఉంటుంది. కాస్త గాలి తగిలితే చాలు, అవి ఎటు పోయాయో దేవుడికే తెలియాలి. ఏ దేవుడికో నేను చెప్పలేను. అందుకని అన్నయ్య వాచీ మూత తీసే ముందు "విప్పుతున్నా!" అని ఒక కేక వేసేవాడు. మా ఆయన లేచి స్విచ్చు ఆపాలి. పనయ్యాక "మూశా!" అని ఇంకో కేక. అప్పుడు వేసుకోవాలి. ఈ రెండు కేకల మధ్య ఎంతసేపు పడుతుందన్నదే వాళ్ళ గొడవంతా.

"బావా, ఆపు. విప్పుతున్నా."

"ఇప్పుడేగా మూశావు? నువ్వు వాచీలు బాగుచేస్తున్నావా, నన్ను ఉడకబెడుతున్నావా?"

"ఉడికితే అన్నా కాస్త మెత్తబడతావని. ఆపు."

"ఆపను. నా చెమట ఈ చొక్కా మీద పడిందంటే దీని ఓనరు వచ్చి నిన్ను కొడతాడు."

"నువ్వు కుట్టిన చొక్కా తొడుక్కుంటే వాడి చెయ్యి పైకి లేస్తేగా కొట్టడానికి!"

ఇలా అనుకుంటూనే మా ఆయన లేచి స్విచ్చు ఆపేవాడు. ఆపకుండా ఉన్న రోజు ఒక్కటి కూడా లేదు. అన్నయ్య కూడా వేసవిలో మా ఆయన మొహం చూసి, చేతిలో వాచీ పక్కన పెట్టేసి, పనేమీ లేనివాడిలా కిటికీలోంచి వీధి చూస్తూ కూర్చునేవాడు. అడిగితే "కళ్ళు లాగుతున్నాయి" అనేవాడు.

నిజానికి కళ్ళ సంగతి అబద్ధం కాదు. రెండేళ్ళుగా ఆయన కుడికంటికి చూపు మందగించింది. భూతద్దం పెట్టుకుంటే కళ్ళ ముందున్న వాచీ కనిపిస్తుంది గానీ, చేతిలోంచి స్క్రూ జారి నేల మీద పడిందంటే ఇక ఆయనకి దొరకదు. గుండుసూదులు ఏరే అయస్కాంతం పట్టుకుని నేనే నేలంతా పాకి వెతికిచ్చేదాన్ని. ఈ విషయం గదిలో ముగ్గురికీ తప్ప నాలుగో మనిషికి తెలియదు. తెలిస్తే ఎవరైనా ఆయన చేతికి వాచీ ఇస్తారా? ఆయన బతుకు మా ముగ్గురి నోళ్ళలో ఉంది. మిగతా ఇద్దరి నోళ్ళూ గట్టివే. జారింది నాది, అదీ కంటి సంగతిలో కాదు.

మా ఊళ్ళో సర్వమత శాంతి సంఘం ఒకటుంది. ముగ్గురు పెద్దలు, మూడు మతాలు. మా వాళ్ళ తరఫున పళ్ళ డాక్టరు. అన్నయ్య వాళ్ళ తరఫున ఫర్నిచర్ షాపు ఓనరు. ఇంకో మతం తరఫున రిటైరైన హెడ్మాస్టరు, ఆయనే అధ్యక్షుడు. ఆయనకి ఊరంతా పెట్టుకున్న పేరు సున్నితం సారు. ఏ మాటెత్తినా "ఇది చాలా సున్నితమైన విషయం" అంటారు. ఒకసారి వానలో తడుస్తూ వెళ్తుంటే గొడుగు లేదా సార్ అని అడిగాను. అప్పుడూ అదే మాట.

ఈ ముగ్గురికీ ఒక కష్టం వచ్చిపడింది. మా ఊళ్ళో గొడవల్లేవు. ఏటా అన్ని ఊళ్ళ శాంతి సంఘాలూ ఒకచోట చేరతాయి. ఎవరు ఏ గొడవ ఆపారో వేదికెక్కి చెప్పుకుంటారు. పక్క ఊరి సంఘం రాళ్ళు విసురుకున్న రెండు వీధుల్ని కలిపింది. ఆ పక్క ఊరి సంఘం తగలబడిన దుకాణాన్ని అందరిచేతా కలిపి కట్టించింది. మా వాళ్ళు ఆరేళ్ళుగా లేచి నిలబడి, "మా ఊళ్ళో అందరూ బానే ఉన్నారండీ" అని సిగ్గుపడుతూ కూర్చుంటున్నారు. ఆరో ఏడు మా వాళ్ళ వంతు వచ్చేసరికి భోజనాల వేళయిందని మైకు కూడా ఇవ్వలేదట. "వాళ్ళకి తగలబడ్డ దుకాణం ఉంది, మనకేముంది?" అని ఫర్నిచర్ షాపాయన బెంగపెట్టుకుని చిక్కిపోయాడని ఊళ్ళో అనుకునేవారు. చిక్కడం నేను చూడలేదు, బెంగ మాత్రం చూశాను.

సరిగ్గా అలాంటి రోజుల్లో పళ్ళ డాక్టరు గారు ప్యాంటు పొడుగు తగ్గించుకోవడానికి మా కొట్టుకి వచ్చారు. ఆయన గుమ్మంలో అడుగుపెట్టేసరికి లోపల గొడవ మంచి ఊపు మీదుంది. మా ఆయన ఇస్త్రీ పెట్టె ఎత్తి చూపిస్తున్నాడు. అన్నయ్య బల్ల మీద రెండు చేతులూ అడ్డుపెట్టి, వాచీని పొదువుకుని, నోటితో మాత్రం మా ఆయన వంశాన్ని తవ్విపోస్తున్నాడు.

"ఏంటమ్మా ఇది?" అన్నారు డాక్టరు గారు.

నా నోరు ఊరుకుంటుందా! "ఏం చెప్పమంటారు డాక్టరు గారూ, పంతొమ్మిదేళ్ళుగా ఇదే యుద్ధం. వీళ్ళిద్దరి మధ్యా నేను నలిగి చస్తున్నా" అన్నాను. నవ్వుతూనే అన్నాను. ఆ నవ్వుని ఆయన పట్టించుకోలేదు.

కిటికీ వైపు చూసి గొంతు తగ్గించారు. "ఆయన వాళ్ళ మనిషి కదూ?"

"అవునండీ."

"పంతొమ్మిదేళ్ళు!" అన్నారు. పుచ్చుపన్ను దొరికినట్టు ఆయన మొహం వెలిగిపోయింది. ప్యాంటు నా చేతిలో పెట్టి, ఎంత తగ్గించాలో చెప్పడం కూడా మర్చిపోయి వెళ్ళిపోయారు.

మర్నాడు పొద్దున్నే ముగ్గురూ దిగారు, చేతిలో ఫైలుతో. మా గదిలో మూడు కుర్చీలు పట్టవు. ఒకటి లోపల వేసి సున్నితం సారుని కూర్చోబెట్టాం. మిగతా ఇద్దరూ ఇస్త్రీ బల్లకి ఆనుకుని నిలబడ్డారు. ఇద్దరితోనూ విడివిడిగా మాట్లాడాలన్నారు. విప్పిన వాచీ మీద గాజు గిన్నె బోర్లించి, "ఎవరూ తుమ్మకండి" అని చెప్పి అన్నయ్య బయటికి వెళ్ళాడు.

"ఆయన ఫ్యాను ఆపమన్నప్పుడు మీకేమనిపించేది?" అని అడిగారు సున్నితం సారు.

"ఉక్కగా అనిపించేదండీ" అన్నాడు మా ఆయన.

"అలా కాదు. లోపల."

"లోపలే ఉక్క. బయట కాస్త గాలాడుతుంది."

సారు రాసుకున్నారు. "ఆయన మిమ్మల్ని ఏమని పిలుస్తాడు?"

"బావ అంటాడు. కోపమొస్తే దున్నపోతు అంటాడు."

ముగ్గురూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. "మీ మతం వాళ్ళని దున్నపోతులని..."

"మతాన్ని కాదండీ, నన్నొక్కణ్ణే. మాది ఏ మతమో వాడికి గుర్తుండి ఎన్నేళ్ళయిందో!"

ఈ ఆఖరు మాట మాత్రం సారు రాసుకోలేదు.

తర్వాత అన్నయ్య వంతు. "రోజూ తిట్టుకుంటాం సార్, లేదనను. ఒకరోజు తిట్టుకోకపోతే మా చెల్లెమ్మ మాకు జ్వరం వచ్చిందనుకుంటుంది" అన్నాడు. ఫర్నిచర్ షాపాయన ముందుకొచ్చి ఆయన భుజం మీద చెయ్యి వేశాడు.

"భయపడకు తమ్ముడూ. ఇన్నాళ్ళూ ఒంటరిగా భరించావు. ఇక మనవాళ్ళంతా నీ వెనక ఉన్నారు."

"నా వెనక కిటికీ ఉంది సార్. కాస్త పక్కకి జరగండి, వెలుతురు పడట్లేదు."

నేను ఊరుకోలేకపోయాను. "అయ్యా, తప్పు నాదే. ఏదో నోరుజారి యుద్ధం అన్నాను. ఇది ఉత్త ఫ్యాను గొడవ. వీళ్ళిద్దరూ ఒకరు లేకపోతే ఒకరికి తోచదు" అన్నాను.

సున్నితం సారు నా వైపు ఎంతో జాలిగా చూశారు. "అమ్మా, ఏ గొడవైనా పైకి ఫ్యానులాగే కనిపిస్తుంది. లోపల ఏముందో మాకు తెలుసు. మీకు తెలియకుండానే మీరు చాలా బాధపడుతున్నారు. ఇది చాలా సున్నితమైన విషయం."

నాకు తెలియకుండా నేను బాధపడటం ఎలాగో అడుగుదామనుకున్నాను. ఈలోగా డాక్టరు గారు, బాధలో ఉన్నవాళ్ళు మొదట ఇలాగే కాదంటారని ఫర్నిచర్ షాపాయనకి వివరిస్తున్నారు. ఆయన తలూపుతున్నాడు. కాదన్నకొద్దీ గొడవ ముదిరిపోతోందని అర్థమై నోరు మూసుకున్నాను. మూసుకోవాల్సిన రోజున మూసుకోలేదు గానీ!

పది రోజుల్లో ఒప్పందం తయారైంది. తొమ్మిది షరతులు. ఫ్యానుకి గంటల పట్టీ వేశారు: ఒక గంట తిరగాలి, ఒక గంట ఆగాలి. గది మధ్యన గీత గీశారు, అదీ మా ఆయన సుద్దముక్కతోనే. ఎవరి భాగంలో వాళ్ళుండాలి, అనుమతి లేకుండా అవతలికి పోకూడదు. ఒకరినొకరు గౌరవంగా "గారు" అని పిలుచుకోవాలి. బావ అన్న పిలుపులో వెటకారం ఉందని దాన్ని తీసేశారు. చెల్లెమ్మ సంగతేంటని అన్నయ్య అడిగితే ముగ్గురూ పక్కకి వెళ్ళి చాలాసేపు చర్చించుకున్నారు. అది కూడా అపార్థాలకి దారితీయవచ్చని తేల్చారు.

"సంతకం పెట్టేస్తే పోతారు బావా. నాకు రెండు వాచీలు అర్జంటున్నాయి" అని అన్నయ్య మా ఆయన చెవిలో గొణిగాడు. అలా పెట్టేశారు సంతకాలు. పెద్దలు అడిగితే కాదనలేని మొహమాటం మా ఆయనకి ముందునుంచీ ఉంది, ఆ జబ్బు అన్నయ్యకి ఇంకాస్త ఎక్కువ.

ఫోటో కోసం చేతులు కలపమన్నారు. పంతొమ్మిదేళ్ళలో ఒకరి వీపు మీద ఒకరు చరుచుకున్నారు, ఒకరి టీ ఒకరు లాక్కుని తాగారు గానీ చేతులు కలపడం ఎప్పుడూ లేదు. ఎలా కలపాలో తెలియక మా ఆయన కొలత తీసుకోబోతున్నట్టు చెయ్యి చాచాడు. అన్నయ్య దాని మణికట్టు పట్టుకున్నాడు, అలవాటు చొప్పున. ఫోటోగ్రాఫరు నాలుగుసార్లు సరిచేశాడు. ఆ ఫోటో పేపర్లో వచ్చింది. దాని కింద "పంతొమ్మిదేళ్ళ మత వైరానికి ముగింపు" అని వేశారు. మేం వైరులమని ఊరికి తెలిసింది అప్పుడే. మాకూ అప్పుడే తెలిసింది.

ఆ రోజునుంచి కొట్టుకొచ్చే మనుషుల మాట తీరు మారిపోయింది. మా వాళ్ళు మా ఆయన దగ్గరికొచ్చి, కిటికీవైపు ఓరగా చూస్తూ, "ఇన్నేళ్ళు ఎలా భరించావయ్యా!" అనేవారు. మొదట్లో మా ఆయన నవ్వేవాడు. తర్వాత నవ్వడం మానేసి "ఏం చేస్తాం" అనడం మొదలుపెట్టాడు. ఇంకొన్నాళ్ళకి ఎవరూ అడక్కుండానే చెప్పుకునేవాడు. అటు అన్నయ్యకి వాళ్ళవాళ్ళు అండగా నిలబడ్డారు. అండ అంటే ఇళ్ళలో ఏళ్ళుగా పడున్న చచ్చిన వాచీలన్నీ తెచ్చి ఆయన బల్ల మీద పోశారు. వాళ్ళలోనే అంతవరకూ మా దగ్గర కుట్టించుకున్న కొందరు మాత్రం గుడ్డ తీసుకుని ఇంకో దర్జీ దగ్గరికి వెళ్ళారు. ఎందుకని అడిగితే, "మీకెందుకు ఇబ్బంది" అన్నారు. ఎంత మర్యాదస్తులో!

ఫ్యాను గంటల పట్టీ ప్రకారం తిరిగింది. ఫ్యాను తిరిగే గంటలో అన్నయ్య వాచీ విప్పలేక చేతులు కట్టుకుని కూర్చునేవాడు. ఆగిన గంటలో మా ఆయన చెమటలు కక్కుతూ కూర్చునేవాడు. కేకలు లేవు. అడగడం లేదు కాబట్టి కాదనడం లేదు. వారానికోసారి సున్నితం సారు వచ్చి, గుమ్మంలో నిలబడి చెవి ఒగ్గి, గదిలో చీమ చిటుక్కుమన్న చప్పుడు కూడా లేకపోవడం చూసి, "అద్భుతం" అని ఫైలులో రాసుకుని వెళ్ళేవారు.

ఒకరోజు ఒక పెద్దాయన ఊరెళ్తూ, బస్సుకి గంట ముందు వాచీ పట్టుకుని పరుగున వచ్చాడు. అది మా ఆయన గంట. ఫ్యాను గిరగిరా తిరుగుతోంది. అన్నయ్య వాచీ చేతిలో పట్టుకుని కాసేపు చూశాడు. "పది నిమిషాలు ఆపుతావా బావా?" అన్నాడు. చాలా రోజుల తర్వాత ఆయన నోట బావ అన్న మాట విన్నాను. నా ప్రాణం లేచొచ్చింది.

మా ఆయన తల ఎత్తలేదు. "ఇది మా గంట కదండీ" అన్నాడు.

పంతొమ్మిదేళ్ళలో ఒక్కసారి కూడా ఆపకుండా ఉండని మనిషి. నేను లేచి స్విచ్చు ఆపాను. కానీ అన్నయ్య "వద్దులెండి" అని వాచీ పెద్దాయనకి తిరిగిచ్చేశాడు.

ఆ సాయంత్రం తాళం వేసి ఇంటికి నడుస్తూ మొగుణ్ణి కడిగేశాను. అంతా విని మా ఆయన, "నువ్వే చెప్పు, ఇన్ని వేసవులు నన్ను ఉడకబెట్టాడా లేదా? మనవాడైతే అలా చేసేవాడా?" అన్నాడు.

"మనవాడంటే ఎవడు?" అన్నాను.

మా ఆయన నడక పెంచాడు. జవాబు చెప్పి ఉంటే తగువాడేదాన్ని.

ఇక గీత సంగతి. మొదట్లో నేను దాన్ని లెక్కచేయలేదు. అన్నయ్య చేతిలోంచి స్క్రూ జారిన చప్పుడు నా చెవికి తెలుసు. చప్పుడంటే చప్పుడు కాదు, ఆయన ఊపిరి ఒక్క క్షణం ఆగుతుంది. అయస్కాంతం తీసుకుని గీత దాటి ఆయన బల్ల కింద దూరేదాన్ని. ఒకరోజు అలా దూరి ఉండగా ఫర్నిచర్ షాపాయన వచ్చాడు. "అదేంటమ్మా, ఆయన భాగంలో మీరేం చేస్తున్నారు? మావాళ్ళు చూస్తే ఏమనుకుంటారు, మీవాళ్ళు చూస్తే ఏమనుకుంటారు?" అన్నాడు.

ఏం చేస్తున్నానో చెప్పాలంటే అన్నయ్య చూపు సంగతి చెప్పాలి. అన్నయ్య నా మొహంలోకి చూశాడు. చెప్పొద్దని అర్థం. "సూది పడిపోయిందండీ" అన్నాను.

"ఆయన వైపుకి సూదులు విసురుతున్నారా!" అన్నాడు ఫర్నిచర్ షాపాయన.

మూడో రోజున గోడ వచ్చింది. సంఘం రెండో అంకమట అది. ఆయన షాపులోదే ప్లైవుడ్డు, ఉచితంగా ఇచ్చాడు. దానికి శాంతి గోడ అని పేరు పెట్టి, మా వైపు మూడు చేతులు కలిసినట్టు బొమ్మ వేయించారు. అటువైపు కూడా అదే బొమ్మ ఉందట. కిటికీని కోసి అన్నయ్యకి వేరే గుమ్మం చేశారు. గోడ బిగించిన వడ్రంగి సున్నితం సారుని ఒకటే ప్రశ్న అడిగాడు. "అయ్యా, వీళ్ళు కలిసిపోయారన్నారు కదా, మరి ఈ గోడెందుకు?" సారు ఆలోచించి చెప్పారు: "కలిసే ఉండటానికి."

నాకు ఏడుపూ వచ్చింది, నవ్వూ వచ్చింది. ఈసారి ఏడుపే ఎక్కువ. మా సగానికి ఫ్యాను మిగిలింది, కిటికీ పోయింది. ఆయన సగానికి వెలుతురు మిగిలింది, నేల మీద వెతికే మనిషి పోయింది. రెండు నెలలు కిందామీదా పడ్డాడు. ఒక వాచీలో స్క్రూ లేకుండా మూసి ఇచ్చాడని ఆయన వాళ్ళలోనే ఒకరు వచ్చి గట్టిగా అరిచారు. అండగా వచ్చినవాళ్ళు అండగానే వాచీలు వెనక్కి తీసుకెళ్ళారు. ఆ తర్వాత ఆయన వాచీలు విప్పడం మానేశాడు. ఇప్పుడు బెల్టులు మారుస్తాడు, వాటికి చిల్లులు పొడుస్తాడు, బ్యాటరీలు వేస్తాడు. ముప్పై ఏళ్ళు వాచీల ప్రాణం చేతిలో పట్టుకున్న మనిషి, సుత్తితో తోలుకి చిల్లులు పొడుచుకుంటున్నాడు.

ఆ ఏడు సభలో మా ఊరి సంఘానికి మొదటి బహుమతి వచ్చింది. మమ్మల్నీ తీసుకెళ్ళారు, ముందు వరసలో కూర్చోబెట్టారు. నా కుర్చీ మీద "బాధిత కుటుంబం" అని కాగితం అంటించి ఉంది. దాని మీదే కూర్చున్నాను. మా ఆయనని, అన్నయ్యని వేదిక మీదికి పిలిచి సున్నితం సారుకి చెరోపక్కన నిలబెట్టారు. "ఇప్పుడెలా ఉంది?" అని ముఖ్య అతిథి అడిగితే మా ఆయన "ప్రశాంతంగా ఉందండీ" అన్నాడు. అన్నయ్య "ఆయన చెప్పినట్టే" అన్నాడు. చప్పట్లు మారుమోగాయి. కాలిన దుకాణం కట్టించిన సంఘం వాళ్ళ మొహాలు మాడిపోయాయి.

బహుమతి అందుకున్నాక ముగ్గురు పెద్దలూ ఒకర్నొకరు కావలించుకున్నారు. డాక్టరు గారు నిజంగానే కళ్ళు తుడుచుకున్నారు. ఫర్నిచర్ షాపాయన సారు భుజం మీద తల వాల్చాడు. తిరుగు ప్రయాణంలో ముగ్గురూ ఒకే సీట్లో ఇరుక్కుని కూర్చుని, ఒకే పొట్లంలోంచి తింటూ, కిటికీ తెరవాలా మూయాలా అని ఊరొచ్చేదాకా పోట్లాడుకున్నారు. ఒకరి మాట ఒకరు కింద పడనివ్వలేదు. అంత ముచ్చటైన పోట్లాట చూసి చాలా రోజులైంది. నా కడుపు మండిపోయింది.

ఇదంతా ఒకెత్తు. మొన్న జరిగింది ఒకెత్తు.

కొత్తగా ఊళ్ళోకి వచ్చిన ఒకావిడ జాకెట్టుకి గుండీలు కుట్టించుకోవడానికి వచ్చింది. మా ఆయన బట్టలివ్వడానికి బయటికి వెళ్ళాడు. ప్లైవుడ్డు అవతల సుత్తి చప్పుడు టకటకమంటోంది. ఆవిడ అటు చూసి, "పక్కన వాచీలాయన ఎలాంటివాడండీ? నమ్మొచ్చా?" అని అడిగింది.

నేను దారం కొరుకుతూ, తల కూడా ఎత్తకుండా, "ఏమోనమ్మా. వాళ్ళ సంగతి మనకెందుకు?" అన్నాను.

అలా అనాలని అనలేదు. ఎవరో వచ్చి నా నోట్లో పెట్టిందీ కాదు. చెమటపడితే తుడుచుకున్నంత మామూలుగా వచ్చేసింది. టకటక ఆగిపోయింది.

ఆవిడ వెళ్ళేదాకా కూడా ఆగలేదు నేను. గుండీ సగంలో వదిలేసి, వీధిలోంచి చుట్టూ తిరిగి, కిటికీగా ఉన్నప్పుడు నాకు బాగా తెలిసిన ఆ గుమ్మం దగ్గర నిలబడ్డాను. అన్నయ్య సుత్తి చేతిలోనే పట్టుకుని ఉన్నాడు. నన్ను చూసి లేచాడు. కస్టమర్ల స్టూలు గుడ్డతో తుడిచాడు.

"రండి. కూర్చోండి."

"విన్నావు కదా?" అన్నాను.

"ఏదండీ?"

"నేనన్న మాట. విన్నావు, నాకు తెలుసు. తిట్టు అన్నయ్యా. నీ నోరు పడిపోను అను. నీకన్నా నీ మొగుడే నయం అను. ఇన్నేళ్ళు నీ అన్నయ్యనే, ఇప్పుడు వాళ్ళలో ఒకణ్ణైపోయానా అని అడుగు. ఆ సుత్తి పెట్టి నెత్తిన ఒక్కటివ్వు."

"అయ్యో, అవేం మాటలండీ" అన్నాడు. గొంతులో కోపం లేదు. నేను కోపం కోసం వెతికాను, ఎంత వెతికినా దొరకలేదు.

"పోనీ నన్ను తిట్టలేకపోతే మీ బావని తిట్టు. ఆ రోజు ఫ్యాను ఆపలేదే, దానికైనా తిట్టు. గోడకి వినపడేలా తిట్టు. నేను చెప్తాను ఆయనకి, ఆయనా తిడతాడు."

అన్నయ్య సుత్తి బల్ల మీద పెట్టాడు. చాలా నెమ్మదిగా, చప్పుడు కాకుండా పెట్టాడు.

"ఎందుకండీ అవన్నీ! మన మధ్య ఇప్పుడు గొడవలేం లేవు కదా" అన్నాడు.

నేను ఆ స్టూలు మీద కూర్చుని బావురుమన్నాను. పాత రోజుల్లో అయితే, ఏడుపు మొహమా పో అవతలికి, నా వాచీలు తుప్పుపడతాయి అని కసిరేవాడు. ఇప్పుడు మర్యాదగా తల పక్కకి తిప్పుకుని, నేను ఏడవడం అయ్యేదాకా ఓపిగ్గా నిలబడ్డాడు.